రిబ్కా కుర్చీ

దుమ్ముగూడెం ఊరి చివర, అడవి మొదలయ్యే చోట రిబ్కా పెరడు ఉంది. పట్టుమని రెండు గుంటలు కూడా ఉండదు. అందులో ఆమె పండించనిదంటూ లేదు. వంగ, బెండ, టమాట, పందిరి నిండా దొండ, గోడవార పుదీనా, కొత్తిమీర, దగ్గుకు వాము ఆకు, మూలన రెండు బొప్పాయిలు, ఒక జామ. చూసినవాళ్లు "నీ చేతిల ఏముందో గాని రిబ్కా!" అని ముక్కున వేలేసుకుంటారు. ఆ చేతిలో ఉన్నది రాళ్లు విసిరే గులేరు. దాన్ని మాత్రం ఎవరూ చూడరు.

కోతులు ఊళ్లో దిగి ఆరేళ్లయింది. అడవిలో పండ్ల చెట్లు తగ్గాయో, ఊరి రుచి మరిగాయో, పొద్దు పొడవగానే మంద గోడెక్కేది. ముందు చెవి తెగిన గండుకోతి, వెనక పిల్లల తల్లులు. పది నిమిషాలు ఏమరితే పెరడు ఊడ్చిపెట్టుకుపోయేవి. ఊళ్లో సగం మంది విసిగిపోయి కూరగాయలు వేయడమే మానేశారు. రిబ్కా మొండిది. పెరటి మధ్యలో నీలం ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒళ్లో రాళ్లు పోసుకుని కూర్చుంది. ఆమె గులేరు గురి తప్పదు. రెండు నెలలు తిరిగేసరికి ఆమె ఆకుపచ్చ చీర కనబడితే చాలు, కోతులు గోడ దిగడం మానేశాయి. అక్కడే ఇరుక్కుపోయింది పాపం. ఆమె ఉంటేనే అవి రావు. అంటే ఆమె ఎప్పుడూ ఉండాలి.

భర్త ఇన్నయ్య మండలాఫీసులో అటెండరు. మంచివాడే. తాగడు, చెయ్యెత్తడు. "మా ఇంట్ల కూరగాయలు కొని ఆరేండ్లాయె" అని ఆఫీసంతా చెప్పుకుంటాడు. తొలి కాతను బుట్టలో పెట్టుకుని ఆదివారం మందిరానికి పట్టుకెళ్తాడు. ప్రథమ ఫలాలని పాస్టరుగారు ప్రార్థన చేస్తే అందరూ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని మెచ్చుకుంటారు. ఆ వేళకు రిబ్కా కుర్చీలో ఉంటుంది. మందిరం గంట మోగితే ఇళ్లు ఖాళీ అవుతాయని కోతులకూ తెలుసు మరి! ఒక్క ఆదివారం ఇన్నయ్యను కాపలా పెట్టి చూసింది. గండుకోతి ఆయన కళ్లద్దాలు లాక్కుపోయింది. ఆ ముచ్చట ఆ రోజుతోనే తీరింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన అన్నానికి వస్తాడు. గిన్నె మూతపెట్టి వసారాలో ఉంటుంది. తిని, పెరటి తలుపు దగ్గర నిలబడి ఆమె వీపుతో నాలుగు మాటలు చెప్పి వెళ్లిపోతాడు. ఆమె గోడ మీంచి చూపు తిప్పకుండా ఊ అంటుంది, ఒక్కోసారి అదీ అనదు.

మొన్న ఫిబ్రవరిలో ఆమె చెల్లెలు అక్సాకు గర్భసంచి ఆపరేషన్ అయింది. భద్రాచలంలోనే ఇల్లు, బస్సెక్కితే గంట. పది రోజులు గడిచినా రిబ్కా పోలేదు.

"అక్కా, ఒక్కసారి వచ్చి నా పక్కన కూసోవే. భయమైతుంది" అంది అక్సా ఫోన్లో. తల్లి లేని ఆ పిల్లను చంకనేసుకుని పెంచింది రిబ్కానే.

"రేపొక్కరోజు పోయొస్త" అంది సాయంత్రం భర్తతో.

"పో, ఎవరొద్దన్నరు? తోటెవరు కాస్తరు మరి? వంకాయ కోతకొచ్చె. ఆదివారం మందిరానికి తెస్తనని చెప్పిన. తర్వాత చూద్దాం తియ్" అన్నాడు ఇన్నయ్య.

కాళ్లకు సంకెళ్లు లేవు, గేటుకు తాళం లేదు. అయినా ఆమె కదల్లేదు. ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది.

మర్నాడు ఆయన అటు పోగానే గడ్డి, దిండు, పాత దుప్పటి తెచ్చి బొమ్మ కట్టింది. తన ఆకుపచ్చ చీర చుట్టి, తలమీద కొంగు కప్పి, కుర్చీలో కూర్చోబెట్టింది. వీపు తలుపు వైపు, మొహం అడవి వైపు. దూరం నుంచి చూసి తనే ఉలిక్కిపడింది. భర్తకు అన్నం గిన్నె వసారాలో మూతపెట్టి, పక్కింటి నాగక్కకు ఒక్కదానికే చెప్పి తొమ్మిది గంటల బస్సెక్కింది.

భద్రాచలంలో చెల్లెలి తల ఒళ్లో పెట్టుకుని జుట్టు చిక్కు తీసింది. అక్సా హాయిగా కళ్లు మూసుకుంది. ఇంతలో కిటికీ అవతల కొమ్మ కదిలింది. రిబ్కా చెయ్యి రాయి కోసం ఒళ్లో వెతికింది.

"ఏందక్కా?"

"ఏం లేదు, పండుకో." తన మీద తనకే జాలేసింది. ఇంత దూరం వచ్చినా కుర్చీ వెంటే వచ్చింది.

నాలుగింటికి తిరిగొచ్చేసరికి పెరట్లో ఏమీ మిగల్లేదు. పందిరి కూలింది. వంకాయలన్నీ కొరికి పారేసి ఉన్నాయి. చీర పేలికలైంది.

"రెండింటిదాకా గోడ మీదనే ఉన్నయి వదినా" అంది నాగక్క. "ఆ గండుకోతి మెల్లగ దిగి, చుట్టూ తిరిగి, కొంగు ఎత్తి మొకం చూసింది. ఇంక ఆగుతయా? నేను డబ్బా కొట్టినా వినలే."

వసారాలో అన్నం గిన్నె ఖాళీగా ఉంది.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, ఐదున్నరకు వచ్చిన ఇన్నయ్య లబోదిబోమన్నాడు. "ఏందే ఇది? నేనొచ్చినప్పుడు ఈడనే కూసున్నవు గదా! నీతోని మాట్లాడి పోతి గదా! నిద్రపోయినవా ఏంది?"

రిబ్కా ఆయన వంక చూసింది. "ఏం మాట్లాడినవు?"

"అదే, ఆదివారం దాటినంక అక్సాను చూసి రమ్మన్న. ఉలకవు, పలకవు. అలిగినవనుకున్న."

రిబ్కా వంగి పేలికలైన చీరను, అందులోంచి రాలుతున్న గడ్డిని రెండు చేతులా ఎత్తి ఆయన ముందు పెట్టింది.

"నీకన్న ఆ కోతి నయమయ్యా" అంది. "దగ్గరికొచ్చి మొకం చూసింది."