పచ్చబడ్డ కొలను, పక్కింటి టమాట

ఆ ఈత కొలనంటే నాకు మొదటి నుంచీ పడదు. సాఫ్ట్‌వేర్ జీతాలు పొంగిన రోజులవి. ఆఫీసులో అందరూ మొయినాబాద్ దారిలో ఫాంహౌస్‌లు కొంటుంటే, నలుగురితో పాటు నారాయణా అని నేనూ అజీజ్‌నగర్‌లో ఒకటి కొన్నాను. కొలను దాంతోపాటే వచ్చింది.

రెండో వారానికే నీళ్లు పచ్చబడ్డాయి. గోడలు ముట్టుకుంటే జిగట. కప్పలు కాపురం పెట్టాయి. కొలను ఫిల్టరు మోటారు ఊరికే తిరుగుతోందని నేనే ఆపించాను. దానికీ ఈ పాచికీ సంబంధం ఉందని నాకేం తెలుసు? నాకు తెలిసిందల్లా మా ఇంట్లో సంపు కడిగే పద్ధతి. నీళ్లన్నీ తోడెయ్యడం, కొబ్బరి పీచుతో రుద్దడం, సున్నం కొట్టి మళ్లీ నింపడం. కొలనంటే పెద్ద సంపే కదా అనుకున్నాను.

మా వాచ్‌మన్ ముడిమ్యాల ఊరి రైతు. "ఎండకాలం ఇన్ని నీళ్లు పారబోస్తే ఎట్ల మేడం" అన్నాడు. నీకెందుకన్నాను.

ప్రహరీకి అవతల ఒక ముసలమ్మ టమాట తోట ఉంది. నీళ్లు తోడడం మొదలుపెట్టగానే ఆమె గోడ దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, గా పైపు జర ఇటు తిప్పు. పచ్చగున్నా నా తోటకు పనికొస్తయి. నా బోరు సన్నగ పోస్తున్నది."

అడిగిన తీరు మంచిదే. కానీ అంతకు ముందు వారమే, మా గోడ తన గట్టు మీదికి జరిగిందని నలుగురి ముందూ నన్ను నిలదీసింది. ఆ మంట నాకింకా చల్లారలేదు. పైపు రోడ్డు పక్క కాలువలోకి పెట్టించాను, ఆమె చూస్తుండగానే.

పది రోజులకు మళ్లీ పచ్చన. మళ్లీ తోడించాను, మళ్లీ రోడ్డు కాలువకే. ఆ తర్వాతా అదే తంతు. మూడోసారి నింపడానికి మా బోరు రెండు రోజులు ఆగకుండా నడిచింది. ఆ మర్నాడు ఆమె బోరు ఎండి గాలి కొట్టింది. తోట పిందె మీద ఉంది. వారంలో ఆకు ముడుచుకుంది, మరో వారానికి కట్టెలు మిగిలాయి. వాచ్‌మన్ నాతో మాటలు తగ్గించాడు. నాకు అతని మీదా కోపమే వచ్చింది.

నాలుగోసారి పచ్చబడ్డప్పుడు విసిగిపోయి, కొలనులు బాగుచేసే మనిషిని పిలిపించాను. అతను చుక్క నీరు తోడలేదు. గోడలు బ్రష్‌తో రుద్ది, ఫిల్టరు కడిగి, పొద్దుగూకే వేళ క్లోరిన్ వేసి, మోటారు ఆపొద్దన్నాడు. మూడో రోజుకు అడుగున పలకలు కనిపించాయి.

"ముందుగాల నీళ్లెందుకు తోడిపిచ్చిన్రు మేడం? గవ్వే నీళ్లు మంచిగయితుండె" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం ముసలమ్మ బిందె పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిరిగి అనడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

"నీళ్లు మంచిగైనయట గద బిడ్డా. ఒక బిందెడు ఇయ్యి. బర్రె పొద్దటి సంది దూపకున్నది."

"మందు కలిపాం అవ్వా. పశువులు తాగకూడదు."

ఆమె కొలను వైపు కాసేపు చూసింది.

"గట్లనా. అయితే పచ్చగున్నప్పుడే నయముండె" అని ఖాళీ బిందెతో మళ్లింది.