తెరేసమ్మ చూపించిన కాలువ అడుగు

నేను పనిచేసే ప్రెస్సులో యాత్రా పుస్తకాలు కూడా అచ్చవుతుంటాయి. వాటి ప్రూఫులు దిద్దేది నేనే. మొదటి అధ్యాయంలో రచయితగారికి స్టేషన్లో ఎవరెవరు దండలు వేశారో ఉంటుంది. చివరి అధ్యాయంలో, తిరిగొచ్చాక ఎవరెవరు వేశారో ఉంటుంది. మధ్యలో హోటళ్ళు. చూడటం తెలియని మనిషిని ఓడ ఎక్కించి పంపినా, చివరికి చూసొచ్చేది తన మెడలో దండనే.

చూడటం తెలిసిన మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. కృష్ణలంకలో నా గది పక్క వాటాలో జాకెట్లు కుట్టే తెరేసమ్మ. యాభై దాటింది. పొట్టి మనిషి, గట్టి గొంతు. రెండు మూడు నెలలకోసారి, ఆదివారం చర్చిలో పూజ అయ్యాక, తనే కుట్టుకున్న ఖాకీ సంచీ భుజాన వేసుకుని బస్టాండుకి బయల్దేరుతుంది. జనం వెళ్ళే చోట్లు ఆవిడకి పనికిరావు. "అందరూ చూసేది నేను కూడా చూడ్డం ఎందుకు బాబూ? వాళ్ళనడిగితే చెబుతారుగా" అంటుంది.

గన్నవరంలో విమానాలు దిగే చోటికి, విమానం రాని రోజు చూసుకుని వెళ్ళింది. వచ్చే రోజయితే కంచె దగ్గరే తోలేస్తారట. రాని రోజు కాపలావాడికి కూడా ఊసుపోక, పిలిచి మరీ చూపిస్తాడట. అంత నున్నటి రోడ్డు తన జన్మలో చూళ్ళేదనీ, అది ఎక్కడికీ పోకుండా అక్కడే ఆగిపోవడం మరీ బాగుందనీ వారం రోజులు చెప్పింది. ఇబ్రహీంపట్నంలో కరెంటు ఫ్యాక్టరీ కడుతున్నారంటే, అది పూర్తయ్యేదాకా ఆగకుండా గొయ్యి చూసొచ్చింది. "కట్టాక గొయ్యి కనబడదుగా!" చల్లపల్లిలో అందరూ కోట ముందు నిలబడి మెడలెత్తి చూస్తుంటే, ఈవిడ వెనక సందుల్లో పడి, ఒకప్పుడు పల్లకీ మోసిన ముసలాయన్ని పట్టుకుంది. అడుగులు కలవడానికి వాళ్ళు పాడుకునే పాట నేర్చుకొచ్చింది. ఇప్పుడు కుట్టుమిషను తొక్కేది ఆ పాటతోనే.

ప్రయాణానికి ఆవిడకి కొన్ని పద్ధతులున్నాయి. అడిగినవాళ్ళకి చెబుతుంది, అడగనివాళ్ళకి ఇంకా ఎక్కువ చెబుతుంది. ఎదురింటి అమలమ్మ పటమటలో చెల్లెలింటికి వెళ్తున్నా సరే, గుమ్మంలో ఆపి మొదలుపెడుతుంది.

"మరచెంబు తీసుకున్నావా? మూత బిగిస్తే చుక్క కారదు, తలకింద పెట్టుకుంటే దిండు కూడా అదే. పులిహోర కట్టుకో. పెరుగన్నం వద్దు, మధ్యాన్నానికి బస్సంతా నీ వంకే చూస్తుంది. నాలుగు పిన్నీసులుంచుకో. చెప్పు తెగేది సరిగ్గా నీడ లేని చోటే. ఆఖరి బస్సు సంగతి కండక్టర్ని అడక్కు, సోడాకొట్టు వాణ్ణడుగు. కండక్టరు బస్సు రావాల్సిన టైము చెబుతాడు, సోడాకొట్టు వాడు వచ్చే టైము చెబుతాడు."

"పటమటకి ఆఖరి బస్సెందుకొదినా? నడిచొచ్చేస్తాగా!"

"అయితే దారి, నెత్తిన మోపున్నవాళ్ళని అడుగు. బరువు మీదున్నోళ్ళు అబద్ధాలాడరు. ఓపికుండదు."

ఈ పద్ధతులన్నీ అన్నిసార్లూ పనిచేస్తాయని కాదు. ఉయ్యూరు దగ్గర మోపుతో పోతున్న ఒకాయన చూపించిన దారిన పడి, చెరుకుతోటల్లో తిరిగి తిరిగి మొదలెట్టిన చోటికే వచ్చింది. ఇదేమిటని నేనడిగితే, "ఆయనకి బరువు చాల్లేదు" అంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. కొత్త ఊరు వెళ్ళి, "మీ ఊళ్ళో చూడాల్సిందేముందండీ" అని అడగకూడదు. "ఏముందమ్మా, ఏం లేదు" అంటారు. "మీ ఊళ్ళో పిల్లల్ని ఎక్కడికి పోవద్దంటారండీ?" అని అడగాలి. అప్పుడు ఊడుస్తున్న ముసలమ్మ కూడా చీపురు పడేసి వచ్చి చెబుతుంది. తిన్నగా అక్కడికే పోవాలి.

ఇన్ని తిరిగినా ఆవిడకి ఒక్క లోటు ఉండేది. భర్త లాజరు ఏనాడూ వెంట రాలేదు.

లాజరు నలభై ఏళ్ళు బందరు కాలువ మీద సరుకుల పడవ నడిపాడు. లారీలు వచ్చి పడవల నోట్లో మట్టి కొట్టాయి. షావుకారు పడవ అమ్మేశాడు. అప్పట్నుంచి లాజరు అరుగు మీద, కాలువకి వీపు పెట్టి కూర్చునేవాడు. భార్య ఊరి నుంచి వచ్చి సంబరంగా చెప్పుకుంటుంటే, "రోడ్డేగా", "గొయ్యేగా" అని తీసిపారేసేవాడు. పైగా ఆవిడ లేకపోతే ఇంట్లో ఒక్కడూ ఉండలేడు. ఆ మాట మాత్రం చచ్చినా ఒప్పుకోడు.

డెబ్భై ఆరు మే నెలలో తెరేసమ్మ సముద్రం వైపు వెళ్ళి, బస్సు తప్పిపోయి మర్నాడు వచ్చింది. లాజరు ఆ రోజంతా అటుకులు నములుతూ గడిపాడు. ఆవిడ సంచీ దింపక ముందే లేచాడు.

"ఇంక చాలు. తిరిగింది చాలు. మిషను తొక్కుకుంటూ ఇంటిపట్టునుండు."

"నువ్వు కూడా వస్తే ఈ గొడవే లేదుగా? ఒక్కసారి రాకూడదూ?"

"ఏం చూడ్డానికే? నలభై ఏళ్ళు తిరిగినోణ్ణి."

"ఎక్కడ తిరిగావు? ఒక్క కాలువేగా! అదన్నా సాంతం చూశావా ఏంటి?"

వీధి గొల్లుమంది. అమలమ్మయితే కొంగు నోట్లో కుక్కుకుంది. లాజరు అరుగు దిగి వీధి మధ్యకొచ్చాడు.

"బందరు కాలువ నేను చూళ్ళేదా? అందరూ వినండి. నేను చూడనిది ఆ కాలువలో ఒక్కటంటే ఒక్కటి చూపించమనండి. చూపిస్తే ఇది ఎక్కడికంటే అక్కడికి సంచీ మోసుకుంటూ పోతా. చూపించలేదా, ఆ సంచీ చింపి మసిగుడ్డ చేస్తా. మళ్ళీ గుమ్మం దిగితే ఒట్టు!"

"మాటేనా?"

"మాటే."

నేననుకున్నాను, పోయింది, ఈవిడ ప్రయాణాలు అయిపోయాయి అని. ఆ కాలువలో ఆయనకి తెలియని మలుపు లేదు, గట్టు మీద తెలియని రాయి లేదు. తెరేసమ్మ మాత్రం మర్నాటి నుంచీ మామూలుగా మిషను తొక్కుకుంది. జూన్ వచ్చాక ఒక పొద్దున నా గది తలుపు తట్టింది.

"ఆదివారం నువ్వు కూడా రా బాబూ. గొడవొస్తే తీర్పు చెబుదువుగాని. ప్రెస్సులో అన్ని పుస్తకాలు తిరగేస్తావుగా."

"ఎక్కడికండీ?"

"కాలువ అడుక్కి."

అప్పుడు తట్టింది నాకు. ఏటా ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. అంతకు ముందే లాజరులాంటి వాళ్ళు పడవల్ని బ్యారేజీకి ఎగువన నిండు నీళ్ళలోకి చేర్చుకుని, వాటికి తారు పూసుకుంటూ వేసవి గడిపేవాళ్ళు. నీళ్ళు వదిలి కాలువ నిండాకే దిగేవాళ్ళు. పడవ పోయాకేమో లాజరు కాలువ వంకే చూడలేదు. అంటే ఆయన ఎండిన కాలువని ఎరగడు. మొగుడు నలభై వేసవులు ఎక్కడున్నాడో పెళ్ళానికి తెలుసు.

ముగ్గురం బందరు బస్సెక్కాం. ఎక్కడ దిగామో ఊరి పేరు చెప్పను. చెబితే రేపక్కడ బజ్జీలబండి వెలుస్తుంది, ఎల్లుండి టిక్కెట్టు పెడతారు. గట్టు వెంట నడుస్తుంటే లాజరు కాలువ వంక చూడకుండా ఎదురుగా చూస్తూ నడిచాడు. కాలువ అడుగు పెచ్చులు పెచ్చులుగా పగిలి ఉంది. చాకిరేవు బండలు మొండెం దాకా బయటపడి సిగ్గుపడుతున్నట్టున్నాయి. కాలువ మధ్య పడవలు పోయే చోట మేకలు పడుకుని నెమరేస్తున్నాయి.

లాకుల దగ్గర లస్కరు బసవపున్నయ్య తన రేకుల గది నీడలో కూర్చుని ఉన్నాడు. లాకు తలుపులు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. పడవని లాకుల మధ్య గదిలోకి తీసుకుని, నీళ్ళు తగ్గించి, కింది మట్టానికి దింపి పంపేవాడు. తెరేసమ్మ తన ప్రశ్న వేసింది.

"ఏవండీ, ఇక్కడ పిల్లల్ని ఎక్కడికి పోవద్దంటారండీ?"

"లాకు గుంటలోకి దిగొద్దంటామమ్మా. అడుగంతా పాచి. ఏం, మీ పిల్లలెవరన్నా దిగారా?"

"లేదండీ, ఈ పిల్లాణ్ణి దింపుదామని."

బసవపున్నయ్య చెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుని చూశాడు. "లాజరూ! బతికే ఉన్నావటయ్యా? నువ్వు ఈలేస్తే తలుపెత్తినోణ్ణి, మళ్ళీ ఇటు మొహమే చూపించలేదే!"

"ఏం పెట్టుకుని రాను? పడవేదీ?" అన్నాడు లాజరు.

"దిగితే దిగండిగాని, పైన నీళ్ళొదిలారని కబురొచ్చింది. ఇవాళే రావచ్చు. నేను కేకేస్తే ఆలోచించకుండా ఎక్కెయ్యాలి."

లాజరు చెప్పులు పైన విడిచి, గోడకున్న ఇనప మెట్లు పట్టుకుని దిగాడు. వెనక నేను. తెరేసమ్మ చీర ఎగదోపుకుని, "నన్నెవరూ పట్టుకోవద్దు, పడితే నేనే పడతా" అంటూ దిగింది. లోపల నూతిలో ఉన్నట్టు చల్లగా ఉంది. మాట్లాడితే గోడలు తిరిగి మాట్లాడుతున్నాయి.

"ఏముంది? రాళ్ళేగా" అన్నాడు లాజరు.

తెరేసమ్మ అడుగున బండలన్నీ వెతికి చూసుకుంటూ కింది తలుపు వైపు నడిచింది. అక్కడ అడుగు పరిచిన బండలో ఒక గుంట ఉంది. రోట్లో గుంటలా గుండ్రంగా, నున్నగా. పక్కన ఇంకొకటి చిన్నది. లాజరు దాని ముందు ఆగిపోయాడు. మెల్లగా గొంతుక్కూర్చుని దాన్లో పిడికిలి పెట్టాడు. సరిగ్గా పట్టింది.

"లాకులోంచి పడవ బయటికి తొయ్యాలంటే గడ ఇక్కడే వేసేవాళ్ళం" అన్నాడు నావైపు చూడకుండా. "వేరే చోటేస్తే జారిపోయేది. ఇక్కడైతే చెయ్యి పట్టినట్టు పట్టేది. మా నాన్న చెప్పాడు నాకు, ఇక్కడెయ్యరా అని. ఎందుకు పడుతుందో ఆయనకీ తెలవదు."

"మీ గడలు పొడిచి పొడిచి పడ్డ గుంటే అది. ఎప్పుడన్నా చూశావా?" అంది తెరేసమ్మ.

లాజరుకి పందెం గుర్తొచ్చింది. గబుక్కున లేచాడు.

"చూడకపోవడమేంటి? రోజూ చూశా. గడతో చూశా."

"గడకి కళ్ళుంటాయా?"

"పడవోడికి గడే కన్ను! ఏం బాబూ, నువ్వు చెప్పు. నీళ్ళ అడుగున ఎక్కడుందో తెలిశాకేగా గడేసింది? తెలిస్తే చూసినట్టా కాదా?"

ఇద్దరూ నా వంక తిరిగారు. ఏ పుస్తకంలోనూ దీనికి జవాబు లేదు. న్యాయం చూస్తే లాజరు మాటలో కొంత ఉంది. అది చెబితే ఖాకీ సంచీ మసిగుడ్డవుతుంది. తెరేసమ్మ కుడిచేత్తో సంచీ తాడు గట్టిగా పట్టుకుని ఉంది. ఆ గొంతు మొదటిసారి తగ్గింది. "నిజమే చెప్పు బాబూ. నాకోసం చెప్పకు" అంది.

నేను నోరు తెరిచేలోపల పైనుంచి కేక వినపడింది.

"నీళ్ళోయ్! ఎక్కండి, ఎక్కండి!"

ఎలా ఎక్కామో తెలియదు. తెరేసమ్మని పైనుంచి బసవపున్నయ్య లాగాడు, కిందనుంచి లాజరు తోశాడు. "నెమ్మదయ్యా, నేను పడవనుకున్నావా!" అని అరుస్తూనే ఎక్కింది. లాకు మీది వంతెన పైకి చేరి ఎగువకి చూశాం.

ముందు కొంగలు కనిపించాయి. తెల్లటి గుంపు, లేవడం, నాలుగడుగులు ముందుకొచ్చి వాలడం. వాటి వెనక గరగరమని చప్పుడు. ఆ వెనక నీళ్ళు. నేనేదో గోడలా వస్తుందనుకున్నాను. కాదు, మనిషి నడకన వస్తున్నాయి. ముందు నురగ, గడ్డి, ఎండుటాకులు, ఎవరివో పాత చెప్పులు, ఒక బుట్ట. ప్రతి పగులు దగ్గరా ఆగి, దానికి తాగించి, మళ్ళీ కదులుతున్నాయి. మేకల్ని తోలుకుంటూ ఆడవాళ్ళు కేకలేశారు. గట్టు పొడుగునా జనం. ఒకావిడ పసుపు చల్లింది, పిల్లలు నురగ ముందు ఉరుకుతూ వెనక్కి చూసి అరుస్తున్నారు. బసవపున్నయ్య పక్క తలుపులు ఎత్తాడు. నీళ్ళు కిందికి దూకి, ఇందాక మేం నిలబడ్డ చోటు దాటి, ఎండిన నేల మీద మళ్ళీ నడక మొదలుపెట్టాయి.

లాజరు వంతెన దిగాడు. దిగువ గట్టు మీద, నీళ్ళ పక్కన, నీళ్ళతో సమంగా నడవడం మొదలుపెట్టాడు.

"ఏవయ్యా! ఎక్కడికి?" అంది తెరేసమ్మ.

చెయ్యి ఊపాడు. రమ్మనో పొమ్మనో తెలియలేదు.

"చెప్పులు! నీ చెప్పులిక్కడున్నాయి!"

వెనక్కి తిరగలేదు. మలుపు దగ్గర కొంగలు, ఆ వెనక నురగ, పక్కన లాజరు తలపాగా, అంతే. పొద్దు వాలేదాకా చూశాం. సోడాకొట్టు వాడు చెప్పిన ఆఖరి బస్సు చెప్పిన టైముకే వచ్చింది. తెరేసమ్మ ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో మొగుడి చెప్పులు పట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. దారంతా తిట్టింది.

"సంచీ మోస్తానన్నాడు! సంచీ నా దగ్గరుంది, మనిషి లేడు. నన్నొదిలేసి ఒక్కడే పోతాడా? నేనెప్పుడన్నా ఇలా చేశానా?"

చాలాసార్లు చేసింది. ఆ మాట నేను అనలేదు.

మర్నాడు పొద్దున లాజరు ఊకలారీలోంచి దిగాడు. పంచె మోకాళ్ళ దాకా బురద. చేతిలో తుంగపోచకి గుచ్చిన చేపల దండ. మొహం చూస్తే పదేళ్ళు తగ్గాడు. అమలమ్మ, వీధి అంతా అరుగు చుట్టూ చేరారు.

"ఎందాకా పోయావు?" అంది తెరేసమ్మ.

"నీళ్ళు ఆగేదాకా పోదామనుకున్నా."

"ఎక్కడాగాయి?"

"అవి ఆగలేదే. నేనే ఆగాను." నవ్వాడు. "ప్రతి ఊళ్ళో జనం గట్టు మీదే ఉన్నారు. నీళ్ళు నేను తోలుకొచ్చినట్టు చూశారే నన్ను! ఒకరు మజ్జిగిచ్చారు, ఒకరు అన్నం పెట్టారు, ఒకాయన దుప్పటిచ్చి పడుకోబెట్టాడు. చేపలు ఊరికే ఇచ్చారు."

"మరచెంబు లేకుండా, చెప్పుల్లేకుండా..."

"నీళ్ళతో పోయేవాడికి మరచెంబెందుకే?"

అమలమ్మ కల్పించుకుంది. "అదంతా సరేగాని అన్నయ్యా, పందెం సంగతేంటి?"

లాజరు చేపల దండ భార్య చేతిలో పెట్టాడు. ఖాకీ సంచీ మేకు నుంచి తీసి తన భుజానికి తగిలించుకున్నాడు. తాడు పొట్టిది, సంచీ చంకలోకి వచ్చింది. వీధంతా నవ్వింది. తెరేసమ్మ మాత్రం ముక్కు ఎగబీల్చి, "తాడు పొడుగు చెయ్యాలి, ఇటివ్వు" అంటూ సూది వెతుక్కుంది.

ఆ ఆదివారమే ఇద్దరూ బయల్దేరారు. ఇబ్రహీంపట్నంలో గొయ్యి ఎంత లోతయిందో చూడాలని ఆవిడ కోరిక. నన్ను కూడా లాక్కెళ్ళారు. బస్సు దిగగానే లాజరు పెద్ద పెద్ద అంగలేసుకుంటూ ముందుకి పోయి, గేటు దగ్గర కాపలా మనిషి ముందు నిలబడ్డాడు.

"ఏవండీ, ఇక్కడ పిల్లల్ని ఎక్కడికి పోవద్దంటారండీ?"

"అది నా మాట!" అంటూ తెరేసమ్మ వెనకనుంచి పరిగెత్తింది.