వెనక మోరీకి గేట్ వాల్వ్

సోలాపూర్‌లో తెలుగు నేతగాళ్లుండే మా నీలం నగర్‌లో ప్రతి డాబాకీ ఒక ఇనుప నిచ్చెన ఉంటుంది. ఏ నిచ్చెనకీ పైనుంచి రెండో మెట్టు ఉండదు. ఎందుకు ఉండదని పదిహేనేళ్లుగా అడుగుతున్నాను. "అదొక్కటి చూస్కొని ఎక్కు సార్" అంటారు, ఆ మెట్టేదో తాతల కాలం నుంచి సెలవులో ఉన్నట్టు. డాబాలెక్కడం నా ఉద్యోగం కాబట్టి ఈ ఫిర్యాదు ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలనుకున్నాను. రాశాను. ఇక అసలు సంగతి.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు. అప్పటికి నేను ఆ ఊళ్లోనే ఒక సోలార్ వాటర్ హీటర్ల కంపెనీలో ఎస్టిమేటర్‌ని. అంటే ఇంటికి వెళ్లి, నీళ్లు కాచే పాత ఏర్పాటు తీసేసి కొత్తది పెట్టడానికి ఏమేం కావాలో, ఇంట్లో వేడీ కరెంటూ ఎక్కడ వృథా అవుతున్నాయో చూసి కాగితం మీద పెట్టే మనిషిని. ఫిజిక్స్‌లో డిగ్రీ చేసింది ఇందుకేనా అని మా నాన్న అడిగేవాడు. ఆయన పవర్‌లూమ్ పక్కన నిలబడి అడిగేవాడు కాబట్టి జవాబు చెప్పినా వినపడేది కాదు. ఇద్దరికీ అదే బాగుండేది.

భూమయ్యది ఇండిపెండెంట్ ఇల్లు. మా వాడలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లే ఎక్కువ. చలికాలం అవి ఒకదాని వెచ్చదనం ఒకటి పంచుకుంటాయి. విడిగా నిలబడ్డ ఇంటికి ఆ సదుపాయం లేదు. నాలుగు పక్కలా గాలే, వేడినీళ్ల గొట్టం ఏ గోడ వెంట తిప్పినా చల్లారుతుంది. ఇంటి పక్క రేకుల షెడ్డులో ఎనిమిది పవర్‌లూములు, టవల్స్ పని. వెనక పెరట్లో మోరీ, అంటే బండలు పరిచిన స్నానాల చోటు. మోరీ పక్కన బంబు.

బంబంటే నీళ్లు కాచే రాగి డ్రమ్ము. నడుమ పొగగొట్టం, కింద నిప్పు. భూమయ్య ఇంట్లో ఆ నిప్పుకు మేత చింది. అంటే మగ్గాల కింద తెగిపడే నూలు పోగులు, నూనె తుడిచిన పేలికలు. రంగు నూలు కాలితే పొగకు ఆ రంగు రాదు గానీ వాసన మాత్రం రెండిళ్లకు సరిపోతుంది. తెల్లారుజామున ఒకసారి, పొద్దూకే వేళ ఒకసారి దాన్ని వెలిగించేది భూమయ్య భార్య నర్సవ్వ. పెళ్లయినప్పటి నుంచీ ఆమే. ఆ ఏడు ఊపిరాడక ఆమెను ఆసుపత్రిలో చేర్చారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చీటీ మీద ఒకటే ముక్క రాశాడు: పొగ దగ్గరికి పోకూడదు. నన్ను ఆ ఇంటికి పిలిపించింది ఆ చీటీయే.

"రా అల్లుడా, కూసో" అన్నాడు భూమయ్య. మా వాడలో వరస కలపనిదే కుర్చీ చూపించరు. "బంబు తీసేద్దాం. మీ అత్తకు పొగ పడతలేదు. ఏమేం గావాల్నో రాయి."

మా పనిలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఎంతమంది స్నానం చేస్తారు, ఏ వేళకు? దాన్నిబట్టే ట్యాంకు సైజు.

"మొగోళ్లం ముగ్గురం, ఆడోళ్లు ముగ్గురు. ఆరింటి సంది ఎనిమిది లోపల అందరియి అయిపోతయి."

ముందు గదిలో చెప్పిన జవాబును అక్కడే రాసుకోకూడదని నాకు అనుభవం. వెనక్కి వెళ్లాను. వరండాలో నర్సవ్వ, ఇద్దరు కోడళ్లు ఒళ్లో చాటలు పెట్టుకొని బీడీలు చుడుతున్నారు. తునికాకు కట్ట పక్కన నర్సవ్వ పీల్చుకునే మందు పంపు ఉంది. ఆమెను అదే ప్రశ్న అడిగాను.

"పొద్దుగాల తానం మాకేం ఫాయిదా అల్లుడా? పొద్దంత తంబాకుల చేతులు వెట్టేదే గద. కార్ఖానల బీడీలు ఇచ్చొచ్చి, పొద్దూకినంక జేస్తం. తంబాకు చేతులతోని రొట్టె గొడితే మీ మామ తింటడా?"

"తినడా?"

"తింటడు. తిని తిడతడు."

చిన్న కోడలు చాటలోకి నవ్వింది. నేను పుస్తకంలో రాసుకున్నాను: మూడు స్నానాలు, సాయంత్రం, వెనక మోరీ. డాబా మీద ట్యాంకు కూర్చునే చోటు నుంచి మోరీ దాకా టేపు పట్టాను. నలభై అడుగులు.

మొదటి ఎస్టిమేట్ బాగానే ఉంది, నా నోటితో నేను చెప్పుకోకూడదు గానీ. మూడు వందల లీటర్ల ట్యాంకు. మగవాళ్లు వాడే ముందు స్నానాల గదికో లైను, వెనక మోరీకో లైను. గొట్టాలకు ఇన్సులేషన్, అంటే వేడి పోకుండా నల్లటి మెత్తటి తొడుగు. మబ్బు రోజులకు ట్యాంకులో చిన్న కరెంటు కాయిల్. డాబా మీద తెల్ల పూత, ఎండాకాలం గదులు కొంచెం ఊపిరి పీల్చుకోవడానికి. ఇక బంబు సెలవు తీసుకోవచ్చు.

టవల్లో పోగులు లెక్కపెట్టే మనిషి భూమయ్య. కాగితాన్నీ అలాగే చదివాడు.

"ఈ వెనక లైను ఏంది?"

"అత్తవాళ్లకు మామా. బంబు తీసేస్తే వేడినీళ్లు అక్కడిదాకా పోవాలె గద."

"దానికి తొడుగెందుకు?"

"గొట్టంల నిలబడ్డ నీళ్లు చల్లారుతయి. అవన్ని పోయినంకనే వేడివి వస్తయి. దాన్ని డెడ్ లెగ్ అంటం. తొడుగేస్తే అంత చల్లారవు."

నేను నేర్పిన మాటను ఆయన నా మీదే వాడటానికి అర నిమిషం కూడా పట్టలేదు. "నల్లా ఎన్ని దినాలకోపారి వస్తదో నీకెర్క లేదా? నీ డెడ్డు లెగ్గుల పారబొయ్యనీకి నీళ్లు యాడివి?" తర్వాత ఇంకొంచెం ఆలోచించాడు. "ఎండకు నీళ్లు పొద్దూకే యాళ్లకు బాగ కాగుతయి. అప్పుడు వీళ్లు తానాలు జేస్తే తెల్లారి మాకు చల్లారినయా? సూర్యుడు పొద్దంత కష్టపడేది ఆడోళ్ల తానాలకా?"

పది నిమిషాలు వాదించాను. నిజాయితీగా లెక్కేస్తే ఏడు. తర్వాత నా తెలివి పనిచేయడం మొదలుపెట్టింది. అది పనిచేసినప్పుడల్లా ఎవరికో ఒకరికి నష్టమే. వెనక లైను ఉండనిద్దాం, దాని మొదట్లో ఒక గేట్ వాల్వ్ పెడదాం అన్నాను. చక్రం తిప్పితే గొట్టం మూసుకుంటుంది, మళ్లీ తిప్పితే తెరుచుకుంటుంది. సాయంత్రం మూసేసి, పొద్దున మగవాళ్ల స్నానాలయ్యాక తెరవొచ్చు. పొద్దున ఆ ఆడవాళ్లు స్నానం చేయరని నాకు తెలుసు. నా పుస్తకంలోనే ఉంది, నా అక్షరాల్లోనే.

భూమయ్య మొహం వెలిగింది. ఆ వెలుగులో ట్యాంకు రెండు వందలకు దిగింది. వెనక గొట్టానికి తొడుగు పోయింది. కాయిల్ పోయింది. కాయిల్ లేకపోతే మబ్బు రోజు ఎట్లా అంటే, "బంబు ఉండనీ, అదేమన్న అన్నమడుగుతదా" అన్నాడు.

మా కంపెనీ ఫారానికి రెండో పేజీ ఉంది. దాని పేరు ఎనర్జీ ఇంప్రూవ్‌మెంట్స్. మూడు గడులు నింపకపోతే ఆఫీసు వెనక్కి పంపేది. డాబా పూత ఒకటి, ముందు గొట్టానికి తొడుగు రెండు. మూడో గడిలో నేను ఇలా రాశాను: "వెనక లైనుకు గేట్ వాల్వ్. వినియోగ నియంత్రణ." కింద సంతకం పెట్టి, ఈ మార్పు ఎందుకు అవసరమైందో తెలియడానికి డాక్టరు చీటీ నకలు జతచేసి పిన్ను కొట్టాను. ఆఫీసులో దాన్ని చక్కని ఎస్టిమేట్ అన్నారు.

ఏడాది తర్వాత సర్వీసుకు వెళ్లాను. మా ఊరి నీళ్లకు గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది, ఏటా కడగాలి. పొద్దూకే వేళ డాబా మీదికి చేరేసరికి కిందినుంచి బంబు పొగ. వెనక లైను వాల్వ్ మూసి ఉంది. దాని మీద చక్రం లేదు, ఒట్టి ఇరుసు మిగిలింది.

కిందికి దిగి అడిగాను. "చక్రం ఏది మామా?"

"బీరువల ఉన్నది. పిల్లలు ఊకె తిప్పుతున్నరు."

ఆ ఇంట్లో పిల్లలంటే కోడళ్లు. పెద్దామె కొడుకు అప్పుడు హాస్టల్లో ఆరో తరగతి.

భూమయ్య పక్కన పొరుగింటాయన టీ తాగుతున్నాడు. నా కోసమే కూర్చోబెట్టారట. "సార్, ఆ వాల్వ్ సిస్టం మాకు గూడ పెట్టాలె" అన్నాడాయన. "మా ఇంట్ల గూడ ఆడోళ్లు నీళ్లు బాగ గుమ్మరిస్తరు." భూమయ్య గర్వంగా చెప్పాడు, "మా అల్లుని ఐడియా. ఒక్కనాడు నీళ్లు తక్కువ వడలే." నీలం నగర్‌లో నాకు పేరొచ్చిందని అప్పుడు తెలిసింది.

"డాక్టర్ చీటీ యాదికున్నదా మామా?"

"ఎందుకుండదు? ఆమె కోసమే గద ఇదంత జేసింది."

"ఆమె ఇంకా పొగలనే ఉన్నది."

"బంబు నీళ్లు ఆమెకు అలవాటు. చింది ఫుకట్, చిదుగులు ఫుకట్, ఊదేటిది ఇంట్లదే. ఇంకేం గావాలె?"

నాకు మామూలుగా కోపం తక్కువ. ఆ రోజు నా చేతిలో పద్దెనిమిది అంగుళాల పైప్ రెంచి ఉంది. అది గొట్టాల కోసం తయారైన వస్తువని గుర్తుపెట్టుకోవడానికి కొంత శ్రమపడ్డానని మాత్రం రాస్తాను. పొరుగాయనకు ఆ సిస్టం నేను పెట్టనని చెప్పాను. భూమయ్యకు ఇంకా కొన్ని చెప్పాను, అచ్చు వేయదగ్గవి కావు. ఆయన నొచ్చుకోలేదు. లోపలికెళ్లి లామినేషన్ చేయించిన కాగితం తెచ్చాడు. రెండో పేజీ, మూడో గడి. "ఇది రాసిందెవలు? ఈ సంతకం ఎవలది?"

కాగితంలో ఒక్క తప్పు లేదు. ఆరుగురిలో ముగ్గురే వాడే ఇంటికి రెండు వందల లీటర్లు సరిగ్గా సరిపోయాయి. నా లెక్క నిజమైంది. అప్పటినుంచి నా కోపమంతా దాని మీదే.

మళ్లీ డాబా ఎక్కి రెంచితో ఇరుసు తిప్పి వాల్వ్ తెరిచాను. పెరట్లోకి వెళ్లాను. నర్సవ్వ బంబు ముందు గొంతుక్కూర్చొని ఊదుగొట్టంతో ఊదుతోంది. రెండుసార్లు ఊది ఆగుతుంది, మందు పంపు ఒకసారి పీలుస్తుంది, మళ్లీ ఊదుతుంది. మోరీలో నల్లా తిప్పాను. చల్లనివి పోయి పోయి, చివరికి వేడివి వచ్చాయి. ఆమె ధార కింద చెయ్యి పెట్టి చూసింది. మణికట్టు దాకా పెట్టింది.

"మంచిగనే కాగినయి" అని నల్లా కట్టేసింది. "నువ్వు బోంగనే మల్ల మూస్తరు."

ఈ కేసు నాకు నేర్పిందేమిటని ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. వాళ్లకు ఒకటే చెప్తాను, ముందు గదిలో జవాబు రాసుకోకండి, నిప్పు వెలిగించే మనిషిని అడిగి రాయండి అని. ఆ రోజు ఆమెకూ అదే చెప్పాను, ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి. "ఇకమీదికెళ్లి ఏ ఇంటికి పోయినా ముందుగాల ఆడోళ్లనే అడుగుత అత్తా. మిమ్ముల్ని అడిగినంకనే కాయితం రాస్త."

నర్సవ్వ ఊదుగొట్టం పక్కన పెట్టి నావైపు చూసింది.

"అప్పుడు గూడ నన్నడిగినవు గద అల్లుడా. చెప్పిన. రాసుకున్నవు. రాసుకొనే వాల్వు వెట్టినవు."