భీమిలిలో నేను విప్పిన ముడి

మొన్న శంషాబాద్ విమానాశ్రయంలో ఒక పెద్దమనిషి తన సంచీ చూపించి, రెండు నిమిషాలు చూస్తూ ఉండమని అడిగితే, నా వల్ల కాదని ముఖం మీదే చెప్పి దూరంగా పోయి కూర్చున్నాను. పాపం, చిన్నబుచ్చుకున్నాడు. అనుమానం నాకు వయసుతో వచ్చిన జబ్బు కాదు, పాతికేళ్లకే ముదిరింది. దానివల్ల ఒక ఇంటికి జరిగిన చెరుపు ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు.

తొంభైల్లో, ఇప్పుడా విమానాశ్రయం ఉన్నచోటి పక్కనే ఉన్న మా మామిడిపల్లిలో బావులు ఎండి పొలాలు బీడు పడ్డప్పుడు, మా బావకు తెలిసినవాళ్ల ద్వారా కాకినాడ వెళ్లి, ఉప్పు మోసే తెరచాప పడవలో వంటవాడిగా కుదిరాను. హిమాయత్ సాగర్‌ను మించిన నీళ్లెరగని నాకు, సముద్రం కన్నా ఆ పడవలోని మనుషులంటేనే భయం ఎక్కువ. వాళ్లు గుసగుసలాడితే నా గురించేననీ, నవ్వితే నన్ను చూసేననీ అనుకునేవాణ్ణి.

ఒకసారి గాలి పడిపోయి భీమిలి దగ్గర లంగరు వేశాం. అది పడవ నడిపే సరంగు సొంత ఊరే అయినా అతను ఒడ్డుకు దిగలేదు. మధ్యాహ్నం నన్ను చాటుకు పిలిచి, ఒక గుడ్డమూట చేతికిచ్చి, తన అక్క ఇంటి గుర్తులు చెప్పి, నా కళ్లలోకి చూడకుండా, "ముడి మాత్రం ఇప్పకు. నేనొచ్చానని నీ అంతట నువ్వు సెప్పకు" అన్నాడు. దొంగసరుకేమో, పట్టుబడితే ఊరుగాని ఊళ్లో జైలుకు పోయేది నేనే కదా అనుకున్నాను. ఒడ్డుకు దిగాక లైట్‌హౌస్ వెనక్కి పోయి ముడి విప్పేశాను. రెండు చొక్కాలు, ఒక దువ్వెన, చిన్న అద్దం. మా ఊళ్లో సద్దిమూట కట్టినట్టు మళ్లీ బిగించి కట్టాను.

గడపలో కూర్చున్న సరంగు అక్క మూటను చూస్తూనే గుర్తుపట్టి ఏడ్చింది. ఆమె ఏడుస్తూ చెబితే సంగతి నాకు అప్పుడు తెలిసింది. ఆమె వద్దంటున్నా ఒక్కగానొక్క కొడుకుని సరంగు పడవెక్కించుకున్నాడు. నేను పనిలో చేరకముందే ఒక గాలివానలో ఆ కుర్రవాడు సముద్రంలో పడి చనిపోయాడు. ఆ మూట అతను తన చేతులతో కట్టుకున్నది.

"మా తమ్ముడే పంపినాడు కదా బాబూ? ఎన్నాళ్లని దాక్కుంటాడు, రమ్మను. అన్నం తిని ఎల్తాడు" అంది. అంటూనే మూటను ఒళ్లోకి తీసుకుని, ముడిని తడిమి, చెయ్యి ఆపేసింది.

"ఇది మా గుంటడు యేసిన ముడి కాదు. ఆడి సేతి ముడి అదొక్కటే మిగిలింది నాకు. దాన్నీ ఇప్పీసినాడా మా తమ్ముడు?"

విప్పింది నేనేనని చెప్పడానికి ఒక్క మాట చాలు. నోరు రాలేదు. ఆమె లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

సరంగు పడవ అంచున నిలబడి నాకోసమే చూస్తున్నాడు.

"ముడి సూసిందా? ఏటందీ?"

"చూసింది అన్నా. ఏమనలే."

మర్నాడు గాలి తిరిగి తెరచాప ఎత్తాం. ఊరు కనుమరుగయ్యేదాకా అతను ఆ ఒడ్డునే చూస్తూ నిలబడ్డాడు.

ఆ తెరచాప పడవలు ఇప్పుడు లేవు. ఒకప్పుడు రోజుల తరబడి పోయిన ఆ తీరానికి, మా పొలాల పక్కనుంచి లేచే విమానంలో గంటలో చేరుకోవచ్చు. వెళ్లి నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో, ఒక్కసారీ వెళ్లలేదు. ఆ అక్కాతమ్ముళ్లు మళ్లీ ఒకచోట అన్నం తిన్నారో లేదో తెలియదు. పడవలో అందరినీ అనుమానించినవాణ్ణి నేను. నన్ను మాత్రం ఆ రోజు ఎవరూ అనుమానించలేదు.