గుమ్మడికాయ మీద తొలిదెబ్బ

ఇప్పుడు సంతలో బూడిద గుమ్మడికాయను చక్రాల్లా కోసి అమ్ముతున్నారు. ఆ పచ్చివాసన ముక్కుకి తగలగానే కొత్తపేట దగ్గరి మా పెంకుటిల్లు, వెనకాల పశువుల పాక, పాక మీదికి పాకిన నా గుమ్మడిపాదు కళ్ళముందుకొచ్చేయి.

నా పాదు అని ఊరికే అనడం లేదు. తొలకరికి గొయ్యి తీసి, పేడ వేసి గింజ పెట్టింది నేను; బియ్యం కడుగునీళ్ళు పోసింది నేను; పురుగు పట్టకుండా పొద్దున్నే ఆకుల తడి ఆరకముందే పొయ్యిలో బూడిద చల్లి, తుమ్ముకుంటూ బడికెళ్ళింది నేను. ముందు పూసినవన్నీ మగపూలే. పాకంతా మాదేనన్నట్టు విరగబూసి, పిందె మాటెత్తకుండా రాలిపోయేయి. లోకం తీరు నాకక్కడే బోధపడింది. ఆ తరవాత తాపీగా, ఉసిరికాయంత పిందెతో ఆడపువ్వొచ్చింది. వేలు పెట్టి చూపిస్తే పిందె కుళ్ళిపోతుందని నాయనమ్మ శాసనం, అంచేత స్నేహితురాళ్ళకి గడ్డంతో చూపించేదాన్ని.

కాయ ఒంటినిండా విబూది పూసుకుని సన్యాసిలా తయారయ్యేక, నాయనమ్మ వడియాలు పెట్టడానికి మినప్పప్పు నానబోసింది. సాయంత్రమే ముక్కలు తరిగి, ఉప్పేసి మూటకట్టి, పైన బరువు పెడితేగాని తెల్లారేసరికి నీరు దిగదు. కానీ ఆడది గుమ్మడికాయ కొట్టకూడదు. తొలిదెబ్బ ఇంటి మగవాడిదే కావాలి. నాన్నగారేమో గోదావరి అవతల. ఆ పూటకిక పడవ లేదని రేవు నుంచి కబురొచ్చింది.

"నేను కొడతాను," అన్నాను.

"తప్పే! ఇంటికి మంచిది కాదు."

"నీళ్ళు పోసినప్పుడు నేను మగాణ్ణా, నాయనమ్మా?"

"ఒసే, నీ నోటికి గుమ్మడికాయేం ఖర్మ, కొబ్బరికాయే పగులుతుంది!"

అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. నాయనమ్మ నానుతున్న పప్పు వంకా, రేవు దారి వంకా చూసి చూసి, చివరికి ఉయ్యాల్లోంచి ఇంకా నడక రాని మా తమ్ముణ్ణి ఎత్తుకొచ్చింది. కొబ్బరికాయలు కొట్టే కత్తి పిడి మీద వాడి గుప్పిట. అది జారిపోకుండా పట్టుకోమని దానిమీద నా రెండు చేతులూ. వాడు బెల్లంముక్క చప్పరిస్తూ ఎటో చూస్తున్నాడు. ఒక్క దెబ్బకి కాయ రెండు చెక్కలయింది. గింజలన్నీ నా పరికిణీలో పడ్డాయి.

మర్నాడు నాన్నగారొచ్చి, "కాయెవరు కొట్టేరమ్మా?" అంటే, "అబ్బాయేరా!" అంది నాయనమ్మ, నావైపు చూడకుండా. ఎండిన వడియాలు వేయించిన రోజున మాత్రం మొదటిది నా కంచంలోనే పడింది. ఎందుకో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. నేను అడగకుండా ఊరుకున్నది బహుశా ఆ ఒక్కసారే.

"మీ ఇంటి మగవాళ్ళచేత కొట్టించవా?" అని ఇవాళ సంతలో గుమ్మడిముక్కలు అమ్మే ఆవిణ్ణి అడిగేను.

"మా ఆయన కోస్తే ముక్కలు వంకరొస్తాయండీ," అందావిడ, కత్తి ఆపకుండా.

ఇన్నాళ్ళకి వాదన నేనే గెలిచేను. ఇంటికెళ్ళి చెబుదామంటే ఆ పాక లేదు, పాదు లేదు, కాదని నోరు చేసుకునే నాయనమ్మా లేదు. మిగిలింది తమ్ముడొక్కడే. బట్టతలొచ్చినా, ఆ కాయ కొట్టింది తనేనంటాడు. అననీ! గింజలు పడ్డది నా పరికిణీలో.