చెరువు వైపు తిరిగి చెప్పిన మాట

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మాదాపూర్ హాస్టల్లో ఉన్న రోజుల్లో తోటి అమ్మాయిలు కరెంటు పోగానే అలాంటి కథలు మొదలుపెట్టేవాళ్ళు. నేను దుప్పటి కప్పుకుని హాయిగా నిద్రపోయేదాన్ని. తర్వాత చాలా ఏళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగులో పనిచేశాను. మా పనిలో ఒక తప్పు దొరికిందంటే దాన్ని మళ్ళీ జరిపించి చూపించాలి. చూపించలేకపోతే అది లేనట్టే. ఆ లెక్కన ఇప్పుడు నేను రాయబోయేది కూడా లేనట్టే. అయినా రాస్తున్నాను.

మాది నంద్యాల. పెళ్ళి నిలబడలేదు. కొండాపూర్‌లో ఒక చిన్న ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉంటాను. సుజాత నా హాస్టల్ రోజుల స్నేహితురాలు. వాళ్ళది సిద్దిపేట వైపు. పెళ్ళయ్యాక బాలానగర్‌లో స్థిరపడింది. అక్కడ ఆమె భర్తకు వర్క్‌షాపు ఉంది. ఇద్దరు పిల్లలు. మమ్మల్ని ఇన్నేళ్ళు కలిపి ఉంచింది కుట్టుపని. హాస్టల్ గదిలో ఒకే సూదుల డబ్బా పెట్టుకుని ఎంబ్రాయిడరీ నేర్చుకున్నాం. ఎప్పుడు కలిసినా చేతిలో గుడ్డ బిగించే రింగు ఉండాల్సిందే.

ఇది జరిగే నాటికి నా ఉద్యోగం పోయి కొన్ని నెలలైంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తమ్ముడికీ చెప్పలేదు, సుజాతకీ చెప్పలేదు. పొద్దున్నే తయారై, భుజానికి ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని, లిఫ్టులో కనిపించినవాళ్ళను నవ్వుతూ పలకరించి బయటపడేదాన్ని. ల్యాప్‌టాప్ ఆఫీసుకు తిరిగిచ్చేశాను కాబట్టి బ్యాగులో రింగూ దారాలూ ఉండేవి. మెట్రో ఎక్కి ఆ చివరి దాకా పోయి, మళ్ళీ ఈ చివరికి వచ్చేదాన్ని. కొన్ని రోజులు సాయంత్రం దాకా నోరు విప్పి ఒక్క మాట మాట్లాడే అవసరం కూడా వచ్చేది కాదు.

అలాంటప్పుడు సుజాత ఫోన్ చేసింది.

"శంకర్‌పల్లి దాటినంక చెరువు పక్కన ఒక ఇల్లు కిరాయికి ఇస్తున్నరంట. పిల్లల్ని మా అత్త చూసుకుంటది. రెండు రోజులు వంట లేదు, పని లేదు. కుట్టుకుంట కూసుందాం, రావే!"

వెళ్ళాం. చిన్న పెంకుటిల్లు. ముందు వరండా, మెట్లు, మెట్ల కింద కొంచెం గడ్డి, ఆ తర్వాత నీళ్ళు. చెరువు నిండుగా ఉంది. చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదు. గేటు దగ్గర గదిలో వాచ్‌మన్, అతని భార్య ఉండేవాళ్ళు.

మొదటి రోజు బాగా గడిచింది. సుజాత తామరపూల దిండుగలీబు కుడుతోంది. నేను టేబుల్ క్లాత్ అంచు కుట్టే పని పట్టాను. తను పిల్లల గురించి, అత్త గురించి, ఎదురింటి వాళ్ళ గురించి ఆగకుండా చెప్పింది. నా ఆఫీసు గురించి అడిగితే "ఎప్పుడూ ఉండేదే" అన్నాను. అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు నాకే ఆశ్చర్యమేసింది. పక్కనే స్నేహితురాలు ఉన్నా, మెట్రోలో కూర్చున్నట్టే అనిపించింది.

రెండో రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక నేను తలస్నానానికి వెళ్ళాను. బయటికి వచ్చి, జుట్టు ఆరబెట్టుకుంటూ వరండా మెట్ల మీద కూర్చుని అంచు కుట్టడం మొదలుపెట్టాను. నా వెనక, వరండాలో, సుజాత కూర్చుని కుట్టుకునే పేము కుర్చీ ఉంది. అందులో ఎవరో కూర్చున్న కిర్రుమనే చప్పుడు వినబడింది. బిగించిన గుడ్డలో సూది దిగినప్పుడు టప్ మంటుంది. తర్వాత దారం సర్రున లాగుతారు. కుట్టేవాళ్ళకు ఆ చప్పుడు బాగా తెలుసు. అదే వినబడుతోంది. మధ్య మధ్య గాజులు కదిలాయి. సుజాత కూర్చుందనుకున్నాను. వెనక్కి తిరిగి చూడాల్సిన అవసరం ఏముంది?

చాలాసేపు అలాగే ఇద్దరం కుట్టుకున్నాం. ఇద్దరం అని ఇప్పుడు కూడా చెయ్యి దానంతటదే రాస్తోంది.

ఎందుకో అప్పుడు చెప్పాలనిపించింది. ముఖం చూస్తే చెప్పలేనని తెలుసు. అందుకే చెరువు వైపే చూస్తూ చెప్పాను. ఉద్యోగం పోయిందని చెప్పాను. రోజూ బ్యాగు తగిలించుకుని ఎక్కడికి పోతున్నానో చెప్పాను. ఒకరోజు దుర్గం చెరువు వంతెన మీద కిందికి చూస్తూ నిలబడిపోయాననీ, ఎవరో సెల్ఫీ కోసం పక్కకు జరగమంటే జరిగి, అలాగే ఇంటికి వచ్చేశాననీ కూడా చెప్పాను. ఆ మాట నాలో నేను కూడా అంతవరకూ అనుకోలేదు.

నేను చెబుతున్నంతసేపూ సూది చప్పుడు లేదు. అయిపోయాక ఒక గొంతు మెల్లగా అంది:

"కూసో. ఏం కాదు. నేనున్న కదా."

ఆ గొంతు సుజాతదేనా అని ఈ సంగతి విన్నవాళ్ళు ఎన్నోసార్లు అడిగారు. ఆ క్షణంలో నాకు అనుమానం రాలేదు. ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామంటే మాట వినబడుతుంది, గొంతు దొరకదు. మళ్ళీ సూది చప్పుడు మొదలైంది. నేను ఏడ్చాను. ఎన్నో నెలల తర్వాత నా ఒళ్ళు తేలికైంది.

ఎండ ఇంకా ఉంది. గేటు దగ్గర స్కూటర్ ఆగిన శబ్దం వచ్చింది. చూస్తే వాచ్‌మన్ స్కూటర్ వెనక నుంచి సుజాత దిగుతోంది. చేతిలో చిన్న పొట్లం.

"నీలం దారం అయిపోయిందే. నువ్వు స్నానం చేస్తుంటే బజారుకు పోయొచ్చిన. నీకు మెసేజ్ పెట్టిన, చూడలే?"

నేను వెనక్కి తిరిగాను. కుర్చీ ఖాళీగా ఉంది. సుజాత రింగు సీటు మీద ఉంది.

నా ఫోన్ లోపల ఛార్జింగులో ఉంది. తీసి చూశాను. బజారుకు పోతున్నానని మెసేజ్ ఉంది. తర్వాత రెండు నీలం దారపు ఉండలు అరచేతిలో పెట్టుకుని ఏది తీసుకోమంటావని అడుగుతూ ఫోటో పంపింది. నేను మెట్ల మీద కూర్చుని మాట్లాడుతున్నప్పుడు వచ్చిన ఫోటో అది. అది సుజాత చెయ్యే. ఆ చేతికి వాచీ ఉంది, గాజులు లేవు.

వాచ్‌మన్ భార్యను అడిగాం. "ఎవ్వరు రాలేదమ్మా. నేను గేటు కాడ్నే బియ్యం ఏరుకుంట కూసున్న" అంది. ఇంటికి వెనక తలుపు ఉంది గానీ లోపలి నుంచి గడియ వేసి ఉంది.

అప్పటికే సుజాత రింగు చేతిలోకి తీసుకుని చూస్తోంది.

"ఈ కాడ నువ్వు కుట్టినవా?"

తను సగంలో వదిలేసిన తామరకాడ పూర్తయి ఉంది. దారం మాదే, ఆకుపచ్చది. కానీ కుట్టు ఏటవాలు తనదానికి ఎదురు దిశలో ఉంది. ఎడమచేత్తో కుడితే అలా వస్తుంది. మా ఇద్దరిదీ కుడిచేతి వాటమే. వెనక్కి తిప్పి చూశాం. మేము చివర ముడి వేస్తాం. అక్కడ ముడి లేదు. దారం కొసను కుట్ల కిందికి దూర్చి, కనబడకుండా దాచారు.

నేను నిద్రలో కుట్టి ఉంటానేమో, కల కని ఉంటానేమో అని అన్ని రకాలుగా ఆలోచించాను. నా అంచు కూడా ఆ పూట జానెడు ముందుకు సాగింది. రెండూ నేనే ఎలా కుడతాను?

కుర్చీలో తనే ఉందనుకుని మాట్లాడానని సుజాతకు చెప్పాను. "ఎవలతోని మాట్లాడినవే?" అంది. రింగు పక్కన పెట్టి, "ఏం చెప్పినవ్?" అని అడిగింది.

మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఈసారి ముఖం చూస్తూ చెప్పాను. వంతెన దాకా రాగానే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి ఏడ్చింది. తర్వాత తిట్టింది. "ఇన్ని నెలలు నాకు చెప్పబుద్ధి కాలేదా? నేనేమన్న పరాయిదాన్నా?" ఆ సాయంత్రమే సామాను సర్దించి, నన్ను కొండాపూర్ పోనివ్వకుండా బాలానగర్ తీసుకుపోయింది. వారం దాకా వదల్లేదు. ఒక డాక్టరమ్మ దగ్గరికి కూడా తనే తీసుకెళ్ళింది. తర్వాత చిన్న కంపెనీలో పని దొరికింది. ఇప్పుడు బాగానే ఉన్నాను.

సుజాత నాకు చేసినది తక్కువేమీ కాదు. అయినా ఒక మాట దాచకుండా చెప్పాలి. తనకు చెప్పినప్పుడు తన ఏడుపు చూశాను, కోపం చూశాను, తనను ఓదార్చాను కూడా. అంతకుముందు విన్నవాళ్ళు మాత్రం సూది ఆపి, ఊరికే విన్నారు.

భయం వేయలేదా అని అడుగుతారు. వేయలేదు. నాకు అంతుపట్టనిది అదే. ఆ ఇంట్లో అంతకుముందు ఎవరుండేవాళ్ళో కనుక్కోవచ్చు. సుజాత రెండుసార్లు కనుక్కుందామంది. వద్దన్నాను. ఒకవేళ ఎవరూ లేరని తేలితే 'నేనున్న కదా' అన్న ఆ మాట ఎవరన్నారని అనుకోవాలో నాకు తెలియదు.