కిరీటం ఒళ్ళో పెట్టిన ఓనరమ్మ

మా ఓనరమ్మ పోయారని మొన్న పొద్దున కోలారు నుంచి ఫోన్ వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు వచ్చింది భయమే. కొత్త మేనేజ్‌మెంట్ ట్రైనీని తీసుకునే పని ఇంక నా నెత్తిన పడింది. మనిషిని చూసి మనసు కనిపెట్టడం ఆమెకు తెలుసు, నాకేం తెలుసు? నన్నామె ఎలా తీసుకున్నారో చెప్తాను, వినండి.

దేవుళ్ళకు కిరీటాలు, కవచాలు చేసే కంపెనీ మాది. నేను ట్రైనీ ఇంటర్వ్యూకు వెళ్ళేనాటికి కేజీఎఫ్ బంగారు గనులు మూతపడి ఏళ్ళయింది. గనిలో చేసిన మా నాన్నకు పని లేదు. ఈ ఉద్యోగమూ రాకపోతే ఇల్లు ఎలా గడుస్తుందో ఎవరికీ తెలియదు.

ఓనరమ్మ నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి, "ఏ ఊరు పాపా?" అన్నారు. కేజీఎఫ్ అని చెప్పాను. పక్కనున్న క్యాషియర్ గొంతు సవరించుకున్నాడు.

"గనోళ్ళ బిడ్డమ్మా. నగల కాడ ఈళ్ళని పెట్టుకుంటే ఎట్లమ్మా?"

నా మొహం మీదే అన్నాడు మహానుభావుడు! ఓనరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆమెకు కోపం వస్తే చేసే పని అదేనని తర్వాత తెలిసింది.

"ఇంగ నువ్వు ఊరుకోప్పా. పాపా, రేపు మాతో గుడికి రా. దోవలో మాట్లాడుకుందాము."

మాకో పద్ధతి ఉంది. పూర్తయిన కిరీటాన్ని గుడి చేరేదాకా నేల మీదా పెట్టకూడదు, సీటు మీదా పెట్టకూడదు. మనిషి ఒళ్ళోనే వెళ్ళాలి. ఆవని ఊరు దాటాక ఒక పల్లెలో అమ్మవారికి చేసిన వెండి కిరీటం అది. బంగారు పూత, నిండా కెంపురాళ్ళు. పట్టుగుడ్డలో చుట్టి నా ఒళ్ళో పెట్టారు. వ్యాను గుంతలో పడ్డ ప్రతిసారీ దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకున్నాను. ముక్కు దురద పెట్టినా గోక్కోలేదు. ఓనరమ్మ నా పక్కన కూర్చుని డ్రైవరుతో టమోటా ధర మాట్లాడుతున్నారు. ఉన్నట్టుండి ఇటు తిరిగారు.

"భయంగా ఉండాదా?"

"ఉండాదమ్మా."

"ఉండనీ. భయం లేనోళ్ళకి నేను కిరీటం ఇయ్యను."

ఆ మాట తర్వాత ఎన్నోసార్లు విన్నాను. ఆ రోజు మాత్రం చెవికెక్కలేదు.

గుడిలో పూజారి గుడ్డ విప్పి, కిరీటాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అమ్మా, ఈడ ఒక రాయి లేదే!"

వెంట వచ్చిన క్యాషియర్ నావైపు చూశాడు. ఉద్యోగం సంగతి దేవుడెరుగు, కూతురు దొంగ అంటే నాన్న తల ఎక్కడ పెట్టుకుంటాడు? గనిలో షిఫ్టు ముగించి పైకొచ్చిన ప్రతివాడూ గేటు దగ్గర చేతులెత్తి నిలబడాలి. బంగారం దాచాడేమోనని ఒళ్ళంతా తడిమి చూసి వదిలేవాళ్ళు. మా కాలనీలో పిల్లల ఆట కూడా అదే. నా చేతులు వాటంతటవే పైకి లేచాయి.

"చూసుకోండి సామీ," అన్నాను.

కిరీటం చూడ్డానికి చేరిన జనంలో కొందరు నవ్వారు. అప్పుడు తెలిసింది నేను చేసిన పని. ఎవరూ అనకముందే నేనే దొంగలా నిలబడ్డాను. దించుదామంటే చేతులు మాట వినడం లేదు.

ఓనరమ్మ చేతిసంచి కింద పెట్టారు. కొంగు నడుముకు దోపుకుని, నా పక్కకొచ్చి, తనూ రెండు చేతులూ పైకెత్తారు.

"ముందు నన్ను ఎతకండప్పా. కిరీటం నా పక్కనే గదా వచ్చినాది."

నవ్వులు ఆగిపోయాయి. పూజారి కంగారుగా పట్టుగుడ్డ దులిపితే, మడతలోంచి రాయి టక్కుమని బండ మీద పడింది. అందరూ ఊపిరి వదిలారు. క్యాషియర్ వంగి రాయి తీశాడు. నా చేతులు మాత్రం ఇంకా పైనే ఉన్నాయి. పక్కకు చూశాను. అంత పెద్ద వయసులో ఆమె మోచేతులు వణుకుతున్నాయి. నేను దించేదాకా ఆమె దించలేదు.